కత్తి కంటే ముందు.. లోతు తేలాలి!

బొమ్మసంద్ర: అన్నవాహికలో క్యాన్సర్.. అదీ తొలిదశలో! ఈ రెండు మాటలూ ఒకే రిపోర్టులో కనిపించడం మన దగ్గర అరుదు. ముద్ద దిగక, ఆఖరికి నీళ్లు కూడా గొంతులోనే నిలిచిపోయే దాకా వచ్చాకే ఆసుపత్రి గడప తొక్కేవాళ్లు ఎక్కువ. అందుకే డాక్టరు నోట 'ఎర్లీ' అన్న మాట రాగానే ఇంటిల్లిపాదీ 'దేవుడి దయ' అనుకుంటారు. అసలు తలనొప్పి ఆ తర్వాతే మొదలవుతుంది. నోట్లోంచి గొట్టం పంపి తీసేద్దాం అంటారు ఒకరు. అన్నవాహికనే తీసేయాలి అంటారు ఇంకొకరు. రోబోతో చేస్తామంటారు మరొకరు. ఊరి నుంచి ఫోన్ చేసే పెద్దాయన మాత్రం 'కత్తి తగిలిందంటే ఒళ్లంతా పాకుతుంది, ఆ పని చేయొద్దండ్రా' అంటారు. ఇందరిలో ఎవరి మాట వినాలి?

హోసూరు రోడ్డు మీది ఈ ఊరికి ఇలాంటి ప్రశ్నలు మోసుకొచ్చే తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. 2000ల మొదట్లో డాక్టర్ దేవిశెట్టి ఇక్కడ నారాయణ హృదయాలయ పెట్టారు. పారిశ్రామికవాడగా తెలిసిన బొమ్మసంద్ర గుండె ఆపరేషన్ల ఊరైంది. 2009లో అదే ఆవరణలో మజుందార్ షా పేరిట క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. హిందూపురం, కదిరి, మదనపల్లె, కుప్పం వాళ్లకూ, ఇటు బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, హోసూరు తెలుగువాళ్లకూ ఇది తెలిసిన దారే. 2025 ఆగస్టు 10న మెట్రో ఎల్లో లైన్ మొదలయ్యాక ఆ దారి ఇంకా సులువైంది. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ ఎక్కి ఆర్‌వీ రోడ్డు దగ్గర మారితే చివరి స్టేషన్ బొమ్మసంద్రే. ఒకప్పుడు సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో గంటలు గంటలు కూర్చున్న రోగులకు ఆ తేడా తెలుసు. ప్రయాణం తేలికైంది కానీ, దిగాక తీసుకోవాల్సిన నిర్ణయం తేలిక కాలేదు.

దొరకడమే కష్టం

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా అన్నవాహిక క్యాన్సర్ బారిన పడినవారు సుమారు 70 వేల మంది. అదే ఏడాది దీనితో చనిపోయినవారు 66 వేల పైచిలుకు. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉన్నాయంటే వ్యాధి ఎంత ఆలస్యంగా బయటపడుతోందో వేరే చెప్పక్కర్లేదు.

ఆలస్యానికి కారణం రోగి అశ్రద్ధ ఒక్కటే కాదు. అన్నవాహిక సాగే గుణమున్న గొట్టం. లోపల చిన్న మచ్చలాంటిది మొదలైతే నొప్పి ఉండదు, ముద్దా ఆగదు. దారి బాగా ఇరుకైతే గానీ అడ్డం తెలియదు. పేగులకు, కడుపుకు పైన ఉండే పలుచని గట్టి పొర ఈ గొట్టానికి చాలామేర లేదు. అందుకని గోడ దాటితే పక్కనే ఉన్న ఊపిరి గొట్టం మీదికో, పెద్ద రక్తనాళం మీదికో పోతుంది. తొలిదశలో దొరికేవి చాలామటుకు అనుకోకుండా దొరికినవే. గ్యాస్ అనో, రక్తం తగ్గిందనో ఎండోస్కోపీ చేస్తే కనిపించినవి.. లేదంటే నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నవారికి మళ్లీ పరీక్ష చేసినప్పుడు బయటపడినవి. బీడీ, గుట్కా, మందు నోటిని ఎట్లా కాలుస్తాయో, ఆ కింది గొట్టాన్నీ అట్లాగే కాలుస్తాయి కదా! మరీ వేడి పానీయాలకు కూడా ఇందులో పాలుండవచ్చని, 65 డిగ్రీలు దాటిన వేడిమీద తాగడం మంచిది కాదని ఐఏఆర్‌సీ 2016లో చెప్పింది. పొగలు కక్కే కాఫీని ఒక్క గుక్కలో లాగించేవారు గమనించాలి.

సున్నమా.. పూతా.. ఇటుకా?

తొలిదశ అన్న మాటలో కూడా లోతుపాతులున్నాయి. అక్కడే చాలా కుటుంబాలు తికమక పడుతున్నాయి. ఇంటి గోడనే తీసుకుందాం. పైన సున్నం, దాని కింద పూత, ఆ లోపల ఇటుక. అన్నవాహిక గోడ కొన్ని మిల్లీమీటర్ల మందమే అయినా దానికీ ఇలాంటి వరుస ఉంది. లోపలి జిగురుపొర సున్నం లాంటిది. దాని కింది పొర పూత. ఆ తర్వాత కండరం.. అదే ఇటుక. చెమ్మ సున్నం వరకే ఉంటే గీకేస్తే సరిపోతుంది. పూతలోకి దిగిందంటే ఆలోచించాలి. ఎందుకంటే శరీరంలోని లింఫ్ గొట్టాలు ఆ పూతలోనే దట్టంగా ఉంటాయి. క్యాన్సర్ కణం వాటిలో పడితే ఎక్కడో మెడలోనో, కడుపు పైభాగంలోనో ఉన్న గ్రంథిలో తేలుతుంది.

డాక్టర్లు జిగురుపొరలోనే ఉన్నదాన్ని టీ1ఏ అంటారు. పూతలోకి దిగినదాన్ని టీ1బీ అంటారు. రెండూ 'ఎర్లీ'నే. కానీ టీ1ఏ లోపలి రెండు అంచెల్లోనే ఆగితే గ్రంథులకు పాకే అవకాశం నూటికి ఐదు లోపే. టీ1బీ అయితే నలుగురైదుగురిలో ఒకరికి, మరీ లోతుకు దిగితే ఇంకా ఎక్కువ మందికి, అప్పటికే గ్రంథులకు చేరి ఉండొచ్చు. మన దగ్గర ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకంలో ఈ గీత పూతలోకి 200 మైక్రాన్ల దగ్గర గీశారు. అంటే మిల్లీమీటరులో ఐదో వంతు! దానికి ఇవతల ఉండి మిగతా గుర్తులు కూడా బాగుంటే అన్నవాహిక నిలబడే అవకాశం ఉంది. అవతలికి పోతే ఛాతీ తెరవడమో, రేడియేషనో తప్పదన్న మాట వస్తుంది. ఒక మనిషి మిగతా జీవితమంతా ఎలా తినాలన్నది ఆ ఐదో వంతు మిల్లీమీటరు తేలుస్తుందన్నమాట.

మరి ఆ లోతును ముందే కనిపెట్టలేరా? సీటీ స్కాన్, పెట్ స్కాన్ ఇంత సన్నని తేడా చెప్పలేవు. అవి దూరాన ఉన్న గ్రంథులు, కాలేయం, ఊపిరితిత్తులు చూడ్డానికి పనికొస్తాయి. గొట్టం కొసన అల్ట్రాసౌండ్ పెట్టి చేసే పరీక్ష కొంత చెబుతుంది గానీ, ఏ, బీల మధ్య అదీ పొరబడుతుంది. అయోడిన్ ద్రావణం చల్లి, ప్రత్యేకమైన కాంతిలో పెద్దది చేసి చూసే ఎండోస్కోపీలో అనుభవం ఉన్న కన్ను చాలావరకు పట్టేస్తుంది. అయినా అది అంచనానే. బయాప్సీ ముక్క అంటారా.. అది క్యాన్సర్ అవునో కాదో చెబుతుంది. అడుగు ఎక్కడుందో చెప్పదు.

తీసిన ముక్కే పరీక్ష

అందుకే పైపైన ఉన్నట్టు కనిపించే చిన్న మచ్చను ముందు ఎండోస్కోపీ ద్వారానే ఒకే ముక్కగా చెక్కి తీసే పద్ధతికి ప్రాధాన్యం పెరిగింది. జపాన్‌లో రూపుదిద్దుకున్న ఈ విధానాన్ని ఈఎస్‌డీ అంటున్నారు. మత్తు ఇచ్చి, నోట్లోంచి గొట్టం పంపి, మచ్చ కింద ద్రావణం ఎక్కించి పైకి ఉబ్బేలా చేస్తారు. సన్నని విద్యుత్ కత్తితో చుట్టూ గీసి, పూత పొరలోంచి లేపి తీస్తారు. బయట ఒక్క కుట్టు కూడా పడదు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. గొట్టానికి చిల్లు పడటం, రక్తం కారడం వంటి ప్రమాదాలు లేకపోలేదు. గొట్టం చుట్టుకొలతలో ముప్పావు వంతుకు మించి చెక్కాల్సి వస్తే తర్వాత అక్కడ మచ్చకట్టి దారి బిగుసుకుపోతుంది. అప్పుడు బెలూన్‌తో పలుమార్లు వెడల్పు చేయించుకోవాలి. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇందులో అసలు కిటుకు వేరే ఉంది. ఇది వైద్యమే కాదు, పరీక్ష కూడా. తీసిన ముక్కను పాథాలజిస్టు సన్నని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద లోతు కొలుస్తారు. అంచులు శుభ్రంగా ఉన్నాయా, లింఫ్ గొట్టాల్లోకి కణాలు చొరబడ్డాయా అన్నది కూడా చూస్తారు. అన్నీ బాగుంటే అక్కడితో ఆగొచ్చు. బాగాలేకపోతే పెద్ద ఆపరేషన్‌కు వెళ్లొచ్చు. ముందు గొట్టంతో తీయించుకున్నంత మాత్రాన తర్వాతి ఆపరేషన్‌కు దారి మూసుకుపోదు. మొదటే అన్నవాహిక తీసేస్తే మాత్రం వెనక్కి రాలేం. 'సిన్నదే కదా, ఒక్కసారే కోసేస్తే పీడా పాయె' అనుకునే ముందు ఈ వరుస గుర్తుంచుకోవాలి.

అలాగని అందరికీ గొట్టం వైద్యం సరిపోదు. మచ్చ మధ్యలో గుంటపడినా, గడ్డలా పైకి లేచినా, గ్రంథి వాచినట్టు స్కాన్‌లో కనిపించినా లోతుకు పోయిందనే లెక్క. అలాంటప్పుడు 'కోత లేకుండా చేస్తాం' అన్న మాట పట్టుకు వేలాడితే చేతికందిన అవకాశం జారిపోతుంది. ఎండోస్కోపీ వైద్యంలో హైదరాబాద్‌కు ప్రపంచ స్థాయి పేరు తెచ్చిన డాక్టర్ నాగేశ్వరరెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ విద్య మనవాళ్లకు కొత్త కాదు. అయితే కడుపులో రాయికో, పుండుకో గొట్టం వేసే డాక్టర్లందరూ ఈఎస్‌డీ చేయరు. 'ఇలాంటివి మీరు ఎన్ని చేశారు సార్?' అని అడగడంలో తప్పేం లేదు.

ఛాతీ తెరవాల్సి వస్తే..

అన్నవాహికను తీసేసే ఆపరేషన్ పెద్దదే. ఐదారు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వ్యాధి ఉన్న గొట్టాన్ని, చుట్టూ ఉన్న గ్రంథులను తీసేసి, కడుపునే సన్నని గొట్టంగా మలిచి పైకి లాగి అతుకుతారు. 1913లో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ టోరెక్ అనే సర్జన్ మొదటిసారి ఛాతీలోని అన్నవాహిక క్యాన్సర్‌ను తీసి రోగిని బతికించినప్పుడు అతికే పద్ధతే లేదు. ఆమె మెడ నుంచి పొట్ట దాకా బయట ఒక రబ్బరు గొట్టం పెట్టారు. దాంతోనే ఆమె తింటూ పదేళ్లకు పైగా బతికారు. కత్తి పెడితే పాకుతుందనే వాళ్లకు ఆ ఒక్క జీవితమే జవాబు.

శరీరంలో ఒక భాగం తీసి ఇంకో భాగంతో కొత్తది కట్టడం ఇప్పుడు వింత కాదు. కన్నడ నటుడు శివరాజ్‌కుమార్‌కు 2024 డిసెంబరులో అమెరికాలోని మయామిలో క్యాన్సర్ సోకిన మూత్రాశయం తీసి, ఆయన పేగుతోనే కొత్తది కట్టారు. 2025లో ఆయన మళ్లీ షూటింగులకు వచ్చారు. ఆయన జబ్బు వేరు, అవయవం వేరు. సూత్రం మాత్రం ఇదే.

అతుకు ఎక్కడ వేస్తారన్నది రోగి అడగాల్సిన మొదటి ప్రశ్న. 1946లో ఐవర్ లూయిస్ చెప్పిన పద్ధతిలో పొట్ట, ఛాతీ తెరిచి ఛాతీలోనే అతుకుతారు. 1976 నాటి మెకోన్ పద్ధతిలో మెడలో అతుకుతారు. 1978లో ఆరింజర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఛాతీ తెరవకుండానే పొట్ట నుంచి, మెడ నుంచి పని కానిస్తారు. కానీ ఛాతీలోని గ్రంథులను పూర్తిగా తీయడం అందులో కుదరదు. మన దగ్గర స్క్వామస్ రకం ఎక్కువగా గొట్టం మధ్యభాగంలో వస్తుంది కాబట్టి మెడలో అతుకు వేసే పద్ధతి తరచూ వింటాం. మెడలో అతుకు కారే అవకాశం కాస్త ఎక్కువ. కారినా పుండు తెరిచి కట్టు కడుతూ మాన్పవచ్చు. ఛాతీలో కారితే ప్రాణం మీదికి వస్తుంది. గొంతు నరం దెబ్బతిని మాట బొంగురుపోవడం, న్యుమోనియా.. ఇవీ ఉంటాయి. ఏ పద్ధతిలోనూ చిక్కులు లేకుండా పోవు.

కోత పెద్దదా, చిన్న రంధ్రాలా, రోబోనా? ఈ ప్రశ్నకు మాత్రం కొంత స్పష్టమైన జవాబుంది. 2012లో లాన్సెట్‌లో వచ్చిన ఐరోపా పరీక్షలో ఛాతీ తెరిచినవారిలో తొలి రెండు వారాల్లో నూటికి 29 మందికి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వస్తే, రంధ్రాల ద్వారా చేసినవారిలో 9 మందికే వచ్చింది. ఈ విద్యకు మన పక్కనే గురువులున్నారు. కోయంబత్తూరుకు చెందిన డాక్టర్ పళనివేలు బృందం రోగిని బోర్లా పడుకోబెట్టి రంధ్రాల ద్వారా చేసిన 130 ఆపరేషన్ల అనుభవాన్ని 2006లోనే అమెరికా సర్జన్ల పత్రికలో ప్రచురించింది. రోబో సంగతి వేరు. ఛాతీ తెరిచే పద్ధతితో పోల్చినప్పుడు రోబో మేలని 2019లో నెదర్లాండ్స్ పరీక్ష చెప్పింది. రంధ్రాల పద్ధతితోనే పోల్చిన చైనా పరీక్షలో 2022 నాటికి తేలింది ఏమిటంటే.. రోబోతో సమయం తగ్గింది, చిక్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. బిల్లులో తేడా మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది. అప్పు చేసి రోబోకు వెళ్లాలా అన్న ప్రశ్నకు ఆ పరీక్ష చాలావరకు జవాబు చెబుతోంది.

యంత్రం కంటే చేతులు ముఖ్యం. అమెరికాలో 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, అరుదుగా ఈ ఆపరేషన్ చేసే ఆసుపత్రుల్లో నూటికి 20 మంది చనిపోతే, ఎక్కువగా చేసే చోట 8 మంది చనిపోయారు. ఇప్పుడు మంచి కేంద్రాల్లో ఆ సంఖ్య ఇంకా బాగా తగ్గింది గానీ, తేడా అలాగే ఉంది. నెదర్లాండ్స్‌లో అయితే ఏడాదికి కనీసం 20 చేయని ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ చేయకూడదని 2011లో హద్దు పెట్టారు. మన దేశంలో అలాంటి హద్దు లేదు. కాబట్టి ఆ పని రోగి బంధువులే చేసుకోవాలి. ఏడాదికి ఎన్ని చేస్తారు, అతుకు ఎంతమందికి కారింది.. ఈ రెండూ అడిగితే మంచి సర్జన్ కోప్పడరు. కోప్పడితే అదీ ఒక జవాబే.

కోయకుండా.. కుదురుతుందా?

72 ఏళ్ల మనిషి, నలభై ఏళ్ల బీడీ అలవాటు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం అనుకుందాం. లోతు టీ1బీ. ఆయన్ను ఛాతీ ఆపరేషన్‌కు పంపడానికి ఏ మత్తు డాక్టరైనా వెనకాడతారు. అలాంటివారికి రేడియేషన్, కీమో కలిపి ఇచ్చే దారి ఉంది. జపాన్‌లో తొలిదశ స్క్వామస్ రకం మీద చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఐదేళ్ల తర్వాత బతికున్నవారు ఆపరేషన్ వైపు నూటికి 86.5, రేడియేషన్ వైపు 85.5. దాదాపు సమానం! అయితే రేడియేషన్ తీసుకున్నవారిలో అన్నవాహికలో మళ్లీ మచ్చలు రావడం ఎక్కువ. వాటిని ఎండోస్కోపీతో పట్టుకుని తీస్తూ ఉండాలి. అంటే మూణ్నెల్లకో, ఆర్నెల్లకో తప్పక వచ్చే మనిషికే ఆ దారి. 'బాగైపోయింది' అని ఊళ్లో ఉండిపోయే అలవాటుకు అది పనికిరాదు.

ఆ పరీక్షలో ఒక ముచ్చట ఉంది. ఎవరికి ఏ వైద్యమో చీటీ వేసినట్టు తేల్చాలని డాక్టర్లు అనుకున్నారు. చేరిన 379 మందిలో అందుకు ఒప్పుకున్నది 11 మందే. మిగతావాళ్లు 'నా శరీరం, నేనే ఎంచుకుంటా' అన్నారు. శాస్త్రానికి అది లోటే. మన ఆసుపత్రి వరండాల్లో మాత్రం ఇంకా వినిపించేది 'మీరేం చేస్తే అదే సార్' అన్న మాటే.

అదే టీ1బీ, 48 ఏళ్ల ఫ్యాక్టరీ కార్మికుడు, ఊపిరితిత్తులు గట్టివి అనుకుంటే లెక్క మారుతుంది. ముందున్న ఏళ్లు ఎక్కువ కాబట్టి గ్రంథులతో సహా తీయించుకోవడానికే ఎక్కువమంది డాక్టర్లు మొగ్గుతారు. ఒకే రిపోర్టుకు రెండు నిర్ణయాలన్నమాట. 'ఫలానా ఆయనకు అట్లా చేశారంట' అన్న పోలిక అందుకే పనిచేయదు.

సంగటి ముద్ద సంగతి

ఆపరేషన్ గురించి గంట మాట్లాడే కుటుంబాలు తర్వాతి తిండి గురించి ఐదు నిమిషాలు కూడా అడగవు. కానీ రోగి రోజూ బతకాల్సింది దానితోనే. కడుపు ఇక సంచి కాదు, గొట్టం. మూడు పూటలా కంచం నిండా తినడం ఉండదు. కొంచెం కొంచెంగా ఆరుసార్లు తినాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తీపి ఎక్కువైతే చెమటలు, గుండెదడ, విరేచనాలు. తిన్నాక వెంటనే పడుకుంటే లోపలిది గొంతులోకి వస్తుంది. తలవైపు మంచం ఎత్తుగా ఉండాలి. జీవితాంతం! మొదటి కొన్ని వారాలు పేగులోకి వేసిన సన్నని గొట్టం ద్వారానే పోషణ. బరువు పదో వంతు తగ్గడం మామూలే.

ఈ ప్రాంతం మనిషికి ఇది మామూలు మార్పు కాదు. కోలారులోనైనా, మడకశిరలోనైనా రాగి సంగటిని నమలరు. వేళ్లతో తుంచి, పులుసులో ముంచి, అలాగే మింగుతారు. నమిలితే సంగటి తిన్నట్టే కాదంటారు పెద్దలు. అతుకు వేసిన గొట్టంలో ఆ ముద్ద ఆగిపోతుంది. ఇక రాగిజావ, మెత్తగా పిసికిన అన్నం, బాగా నమిలిన చిన్న ముద్దలు. పెళ్లిలో పంక్తిలో కూర్చుని పక్కవాళ్లతో సమానంగా తినలేనన్న దిగులు చాలామందిని ఇంట్లోనే కూర్చోబెడుతుంది. పొలం పనికి ఎప్పుడు వెళ్లగలడు అన్నదానికి కూడా నెలలే లెక్క. అన్నవాహిక నిలబడే అవకాశం ఉన్నప్పుడు దాన్ని ఎందుకు వెతకాలో ఈ కంచం ముందు కూర్చుంటే తెలుస్తుంది.

ఆపరేషన్ తప్పదని తేలితే ముందున్న వారాలు ఖాళీగా గడపకూడదు. బీడీ ఆ రోజే ఆపాలి. మూడు బంతుల పరికరంలో ఊపిరి లాగడం సాధన చేయాలి. రోజూ నడవాలి. పాలు, గుడ్లు, పప్పు తిని బరువు నిలబెట్టుకోవాలి. న్యుమోనియా వస్తుందా రాదా అన్నది కొంతవరకు ఆపరేషన్ గదికి వెళ్లకముందే తేలిపోతుంది.

కార్డు ఏ రాష్ట్రానిది?

సరిహద్దులో ఉండేవాళ్లకు ఇంకో చిక్కు. ఇల్లు ఒక రాష్ట్రం, కార్డు ఇంకో రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీని 2019 నవంబరు నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో ఎంపిక చేసిన ఆసుపత్రులకూ విస్తరించారు. 2024లో దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా మారింది. జాబితాలో ఆసుపత్రి ఉంటే చాలదు, కావాల్సిన చికిత్స అక్కడ ఆ పథకం కింద చేస్తారా లేదా అన్నది చూసుకోవాలి. బయల్దేరే ముందే ఊళ్లోని ఆరోగ్యమిత్రనో, 104కు ఫోన్ చేసో కనుక్కుంటే రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది. కర్ణాటక కార్డు ఉన్నవాళ్లకు 2018 నుంచి ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక ఉంది. బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వర్తిస్తుంది. ఏపీఎల్ వారికి ప్యాకేజీ ఖర్చులో 30 శాతమే, అదీ ఏడాదికి లక్షన్నర లోపు. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రెఫరల్ చీటీ తెచ్చుకోవాలి. నేరుగా ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, ఆ తర్వాత కార్డు తీస్తే పని జరగదు. ప్రభుత్వ రంగంలో 1973 నుంచి ఉన్న కిద్వాయి సంస్థ బెంగళూరులోనే ఉందన్నది చాలామంది తెలుగువాళ్లు మరిచిపోతారు. అటు తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది.

బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీల్లో పనిచేసే తెలుగు కుర్రాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఈఎస్ఐ కార్డులో పేరు చేర్చి ఉంటే, కొడుకు మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం వర్తిస్తుంది. కదిరిలో ఉన్న నాన్న పేరు చేర్చించని కార్డులు ఎన్నో!

డబ్బు గురించి మాట్లాడితే ఒక ప్రమాదమూ చెప్పుకోవాలి. కార్డులో పెద్ద ఆపరేషన్ ఉండి, గొట్టంతో చెక్కే చికిత్స లేదనుకోండి. చేతిలో డబ్బు లేని కుటుంబం సహజంగానే ఉచితంగా వచ్చేదాని వైపు మొగ్గుతుంది. అప్పుడు అన్నవాహిక ఉండాలా పోవాలా అన్నది పొర లోతు కాదు, ప్యాకేజీ కోడ్ తేలుస్తుంది. ఇలాంటి సందర్భంలో ఆసుపత్రి సామాజిక కార్యకర్తనూ, ముఖ్యమంత్రి సహాయనిధినీ అడగడం నామోషీ కాదు. పథకాలు నడిపేవాళ్లూ ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. చిన్న చికిత్సతో పోయేదానికి పెద్ద ఆపరేషన్ ప్యాకేజీ చెల్లించడం ఖజానాకూ నష్టమే.

గడ్డె అంటే గడ్డేనా?

భాష కూడా ఇక్కడ ఒక పరీక్షే. కన్నడంలో 'అన్ననాళ' అన్నది మనకు తెలుస్తుంది. 'గడ్డె' అంటే మాత్రం మనవాళ్లకు చీముగడ్డ గుర్తొస్తుంది. మందులతో తగ్గిపోతుందిలే అనుకుంటారు. 'సూపర్‌ఫిషియల్' అంటే పైపైదే, ఏమీ కాదని అర్థం చేసుకునేవారూ ఉన్నారు. బొమ్మసంద్ర చుట్టుపక్కల తెలుగు మాట్లాడే నర్సులకు, సిబ్బందికి కొదవ లేదు. సంతకం పెట్టే ముందు కాగితంలో ఏముందో తెలుగులో చెప్పమంటే చెబుతారు.

తొలిదశ అని తేలాక రెండు మూడు వారాలు ఆగి రెండో అభిప్రాయం తీసుకుంటే కొంప మునిగిపోదు. 'రేపే చేరండి' అన్న తొందరకు లొంగనక్కర్లేదు. నెలల తరబడి ఆకు పసర్ల చుట్టూ తిరగడం మాత్రం వేరు. అది చేజేతులా టీ1ని టీ3 చేసుకోవడమే. రెండో అభిప్రాయానికి వెళ్లేవాళ్లు రిపోర్టు కాగితంతో పాటు బయాప్సీ స్లైడ్లు, మైనపు దిమ్మెలు, ఎండోస్కోపీ ఫొటోలు, స్కాన్ సీడీ అడిగి తీసుకెళ్లాలి. అవి రోగివే. సర్జన్, ఎండోస్కోపీ డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డులో ఈ కేసు పెట్టారా అని అడగాలి. ఒక్క సర్జన్‌నే అడిగితే కత్తి గురించే చెబుతారు. ఒక్క ఎండోస్కోపీ డాక్టరునే అడిగితే గొట్టం గురించే చెబుతారు. ఎవరి పనిముట్టు వాళ్లకు ముద్దు.

గొట్టంతో తీయించుకున్నవారికి ముక్క రిపోర్టు రావడానికి వారం పది రోజులు పట్టొచ్చు. చాలామంది గది అద్దె భరించలేక, మెతుకు దిగుతోంది కదా అని అప్పటికే ఊరికి బస్సెక్కేస్తారు. రిపోర్టు ఆసుపత్రి బీరువాలో ఉండిపోతుంది. లోతు ఎంత, అంచులు ఎలా ఉన్నాయి, లింఫ్ గొట్టాల్లో ఏమైనా కనిపించిందా.. ఆ మూడు వాక్యాలు చదివించుకునే దాకా వైద్యం సగమే అయినట్టు. డిశ్చార్జి రోజున రిపోర్టు తేదీ, దాన్ని చూసే డాక్టరు పేరు, మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడన్నది ఫైలు అట్ట మీదే రాయించుకుని బయల్దేరాలి.